గోడకు చెవులు

గురువారం రాత్రి తొమ్మిదింటికి
మా ఇంటి గోడ వణకడం మొదలవుతుంది.
ముందు అరలో కప్పులు ఒకదాన్నొకటి తాకుతాయి,
ఆ తర్వాత డ్రమ్ములు.

హల్ పట్టణంలో మా వీధి ఇళ్ళన్నీ
బస్సు క్యూలో జనంలా భుజాలు రాసుకుని నిలబడ్డవే.
గోడలకు చెవులుంటాయంటారు.
మా మధ్య గోడకు ఉన్నాయి,
అవతలి మనిషికే లేవు.

తెల్లవారి ఐదుకే నాకు ఆసుపత్రి డ్యూటీ.
మొదటిసారి పోట్లాడదామనే వెళ్ళాను
పైజమా మీద రెయిన్‌కోటు తగిలించుకుని.
డెరిక్ ఓల్డ్రాయిడ్ తలుపు తీసి
నా తిట్లన్నీ నా పెదాల మీద ఓపిగ్గా చదువుకుని
"చక్కెర ఎన్ని చెంచాలు?" అన్నాడు.

అప్పట్నుంచీ గురువారాలు అక్కడే.

డెబ్బై మూడు అక్టోబరులో తీసిన ఫిల్మ్ అది.
ఆ బృందం పేరు ఇప్పుడు వాళ్ళ మనవలకైనా తెలుసో లేదో.
రంగులు ముదిరిన మామిడిపండులా కారిపోతుంటాయి,
పాడేవాడు చొక్కా విప్పి విసిరేస్తాడు,
మైకును మెడ పట్టుకుని వంచుతాడు.
"వాణ్ణి చూడకు," అంటాడు డెరిక్,
"లోకమంతా వాణ్ణే చూసింది. ఎడమ అంచు చూడు."

ఎడమ అంచున
బీరువాల్లా పేర్చిన యాంప్లిఫయర్లు,
ఎర్రగా ఒక చిన్న దీపం,
దాని కింద నాలుగు కాళ్ళ మీద పాకుతూ
పళ్ళమధ్య టార్చి పట్టుకున్న ఒకడు.
ముఖం లేదు. నల్ల చొక్కా పైకి జరిగి
నడుము దగ్గర అరచేతంత తెల్లటి వీపు.
నాలుగు క్షణాలు. అయిపోయింది.

"నేనే," అంటాడు.
ప్రతి వారం కొత్తగానే అంటాడు.

నాన్న ఐస్‌లాండ్ దగ్గర మంచులో వలలు లాగాడట,
ఇతను ఊరూరా తీగలు లాగాడు.
పాటంటే చెవి కోసుకునేవాడు.
నిజంగానే కోసిచ్చేశాడు, రెండూను,
బేస్ పెట్టె పక్కన మూడేళ్ళు నిలబడి.
"దూది పెట్టుకోమని ఎవరూ చెప్పలేదా?"
"చెప్పే ఉంటారు. ఎలా వినపడుతుంది?"

చెవిటివాడి ముందు శంఖం అంటాం తేలిగ్గా.
ఆ శంఖాన్ని వ్యానులోంచి దింపి, మెట్లెక్కించి,
తడి తుడిచి, ఊదేవాడి చేతికిచ్చింది
ఈ చెవిటివాడే.

మేజోళ్ళు విప్పి అరికాళ్ళు చెక్కనేలకు ఆనిస్తాడు.
బేస్ అక్కణ్ణుంచి వస్తుందట.
డ్రమ్ము పొట్టలోకి, గిటారు పళ్ళలోకి.
పాడేవాడి గొంతొక్కటే ఎక్కడికీ రాదు.
"అదేం పెద్ద నష్టం కాదులే."

జనాన్ని చూపించేటప్పుడు మాత్రం మాట్లాడడు.
ముందు వరసలో కళ్ళు మూసుకుని ఊగే అమ్మాయి ఉంది,
చెవికి ఒకటే జూకా.
ఎవరని అడిగాను.
తెలీదట. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడట.
ఒక్కసారైనా కళ్ళు తెరవలేదట.

నిన్న, చివరి పాట సగంలో
శబ్దం ఠక్కున ఆగిపోయింది.
నేను ఉలిక్కిపడ్డాను.
అతను కాసేపు తెలియనట్టే కూర్చుని
తర్వాత తన పాదాలకేసి చూసుకున్నాడు.

టీవీ వెనక ఏదో తీగ వదులైంది.
"లే, నేను చూస్తా"నన్నాను. అతనికి వినపడలేదు,
నేను అతని వీపుతో మాట్లాడుతున్నాను మరి.
డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళు ఒక్కొక్కటే నేలకు దించి,
నా ఫోన్ లాక్కుని, దాని దీపం వెలిగించి
పళ్ళమధ్య పెట్టుకుని పాకాడు.
స్వెటర్ పైకి జరిగింది.

తెర మీద పాడేవాడు నోరు తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు,
వల్లో పడ్డ చేపలాగ.

గోడ మళ్ళీ వణికింది.
అరలో మా ఇంటి కప్పులూ వణికే ఉంటాయి.
నేను చప్పట్లు కొట్టాను.
వెనక్కి తిరిగి నా చేతుల్ని చూశాడు,
ఫోనుకంటిన ఉమ్మి స్వెటర్‌కి తుడుస్తూ,
"ఆగు," అన్నాడు,
"పాట ఇంకా అయిపోలేదు."