రెండు మిల్లీమీటర్ల దూరం

పంతొమ్మిదేళ్లుగా దీని మీద దుమ్ము తుడుస్తున్నాను,
మీటల వెనక ఏముందో ఎన్నడూ చూడలేదు.
ఇవాళ ఉషాంగి వచ్చి మూత ఎత్తి, పై పలక ఊడదీసి
"త్సియాలా, ఆ టార్చి కాస్త ఇటు పట్టు" అన్నాడు.

కుతాయిసి సంగీత పాఠశాల, మూడో నంబరు గది.
కిటికీలోంచి రియోని నది తడి రాళ్ల వాసన.
లోపల కూడా నల్లగా, నున్నగా ఉంటుందనుకున్నాను.
తీరా చూస్తే మగ్గం.
వరసగా కొయ్య పుల్లలు, తోలు ముక్కలు, ఎర్ర ఉన్నిపీలికలు,
ఒక్కో మీట వెనకా ఓ చిన్న సంసారం.
ఓ మూల ఎలుక కూడా కాపురం చేసి ఖాళీ చేసిపోయింది.
పెన్సిలు మొండేలు, బస్సు టికెట్టు,
ఒక పాలపన్ను.

తెక్లే ఫిర్యాదు ఒకటే: మధ్యలో ఆ 'ఫా' పలకదు.
నొక్కితే టక్కుమంటుంది,
తలుపు తట్టి పారిపోయిన పిల్లాడిలా.

ఉషాంగి పక్క మీటని నొక్కి చూపించాడు, నత్త నడకన.
ఇటు దిగితే అటు లేస్తుంది, ఏతాంలాగే.
లేచిన కొస ఓ కొయ్యచేతిని ఎత్తుతుంది.
ఆ చేతి మీద నిలబడ్డ బుడ్డవేలు
సుత్తి మడమని తోస్తుంది.
ఈలోగా తీగని అదిమిపెట్టిన మెత్త తప్పుకుంటుంది,
నోటి మీంచి ఎవరో చెయ్యి తీసినట్టు.
సుత్తి కదిలింది. ఉన్నితల.
తీగ ఇంకా రెండు మిల్లీమీటర్లు.
"ఇదుగో, ఇక్కడ చూడు."
బుడ్డవేలు పక్కకి జారింది.
తోసినదానికీ సుత్తికీ ఇక ఏ సంబంధమూ లేదు.
మిగిలిన దూరం ఒంటరిగా పోవాలి,
కొట్టాలి, కొట్టిన క్షణంలో వెనక్కి పడాలి.

"చివరిదాకా తోస్తే?"
"తీగని అంటుకుపోతుంది. పలికించినదే గొంతు నొక్కేస్తుంది."

'ఫా'కి వచ్చిన జబ్బు అది కాదు.
తప్పుకున్న వేలు తిరిగి తన చోటికి రావడం లేదు.
స్ప్రింగు తుప్పు పట్టి తెగింది.
జేబులోంచి కొత్తది తీశాడు, మీసం వెంట్రుకంత.
బిగిస్తూ బిగిస్తూ కిందికి చూసి అడిగాడు:
"మోకాళ్ల దగ్గరి పలక ఏమైంది?"

ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.
కరెంటు లేని ఆ చలికాలం, ఇక్కడ నా మొదటి ఏడు.
కుర్చీలు అయిపోయాయి, స్వరాల పుస్తకాలు పెట్టే స్టాండ్లూ అయిపోయాయి.
ఇంట్లో చంటిదానికి జ్వరం.
పలకని కోటు కింద దాచి పట్టుకుపోయాను.
నీళ్లు కాగాయి. వార్నిషు పొగ
మూడు రోజులు గొంతులో ఉండిపోయింది.

నాలుగో రోజు గొడ్డలి తెచ్చాను.
పియానోని గోడ నించి ఈడ్చాను.
వెనకంతా ఒకటే స్ప్రూసు చెక్క,
మంచం అంత, పప్పు బద్దలా ఎండిపోయి.
ఎక్కడ పగులుతుందో చూద్దామని పిడితో తట్టాను.

లోపల ఎవరో పలికారు.
సన్నగా, చాలా పైనించి.
మీటల దగ్గర ఎవరూ లేరు.

దెయ్యమనుకున్నాను ఉషాంగీ.
గోడకి నెట్టేసి, ఆ రాత్రి నా మంచం కోళ్లు కాల్చాను.

అతను నవ్వలేదు. టార్చి అందుకుని
కుడి కొసన వెలుగు వేశాడు.
"ఈ పొట్టి తీగలకి మెత్తలుండవు.
ఎలాగూ చిటికెలో ఆరిపోతాయని
వీటి నోరు ఎవరూ మూయరు.
అయినా తీగ ఒక్కతే మోగితే దోమ కూడా వినదు.
వణుకు తీగది, గొంతు చెక్కది.
నువ్వు గొంతుని తట్టావు, వణుకు బదులిచ్చింది.
తిరగేసి వాయించావన్నమాట."

తర్వాత 'ఫా' నన్నే నొక్కమన్నాడు.
బ్లీచింగు వాసన పోని వేలితో నొక్కాను.
నా వేలు అడుగున ఆగింది.
అది ఆగలేదు.
మెత్త దించడం ఇష్టంలేక
అలాగే నొక్కి పట్టుకున్నాను, చెయ్యి లాగేదాకా.

కింది పలకకి కొలతలు తీసుకుని
ఆ బస్సు టికెట్టు వెనకే రాసుకున్నాడు.
ఎవరి పన్నో తెక్లేని అడగాలి,
ప్రస్తుతానికి నా జేబులో ఉంది.