ఇనుప చేతికి వేళ్లుండవు

పిడికిలి బిగించకు, అన్నాడు వైదొతాస్
పానెవెజీస్‌లో మూతబడిన చక్కెర ఫ్యాక్టరీలో, మొదటి రోజు.
దుంపల మడ్డివాసన గోడల్లో ఇంకా ఉంది.
నాకేమో బిగించడం తప్ప ఏదీ రాదు.
పదకొండేళ్లుగా తెల్లవారుజామున
రై పిండి పిసుకుతున్న చేతులు నావి.

కిలో పైచిలుకు ఉక్కు, లోపల దట్టించిన దూది.
నాలుగు వేళ్లకీ కలిపి ఒకటే గూడు,
బొటనవేలిది వేరు కాపురం.

మెటికలతో పొడిస్తే
ఉక్కుని తాకి ఉక్కు ఆగిపోతుంది.
లోపలి ఎముక ఆగదు.
దానికెవరూ చెప్పలేదు కదా, వెళ్తూనే ఉంటుంది,
వెళ్లి వెళ్లి సొంతింటి గోడకే గుద్దుకుంటుంది.
వైదొతాస్ తన కుడి బొటనవేలు చూపించాడు.
కౌనాస్‌లో, వానలో, గొడ్డలి చేజారిన పూట పోయిందట.
వంకర.
మంచు పడబోతోందని రేడియో కంటే ముందు
దానికే తెలుస్తుందట.

అందుకని రోకలిలా దంచాలి.
పైనుంచి కిందికి, చిటికెనవేలి వైపు అంచుతో.
తుంటి తిరగాలి, భుజం దిగాలి,
చెయ్యి ఊరికే వెంట రావాలి, చంటిపిల్లలా.
తాకే క్షణంలోనే బిగింపు, తర్వాత మళ్లీ వదులు.
నడినెత్తిన కాదు, అక్కడ ఇనుము గుండ్రన,
దెబ్బ జారి నేలపాలవుతుంది.
చెవి పైన, ముఖం మీది జల్లెడ రేకు
టోపీతో కలిసే చోట.

రోట్లో తల పెట్టాక
రోకటిపోటుకి వెరవకూడదంటారు.
పెట్టాను. వెరిచాను.
గంట మోగినట్టుంటుందని చెప్పారు గానీ, అబద్ధం.
నా పళ్ల మీదుగా
ఎవరో గూడ్సు బండి నడిపారు.

శనివారం మింగైలెతో జత.
ఆమెకి పుట్టుక నుంచీ వినపడదు.
వేళ్లతో మాట్లాడుతుంది, గబగబా,
తిట్లయితే మరీ స్పష్టంగా.
ఈ గ్లవ్ తొడిగితే మాత్రం
నోటికి తాళం వేసినట్టే.
కొట్టడం దగ్గర ఆమెది ఎముక లేని చెయ్యి,
లెక్క చూసుకోదు.
మూడు తిన్నాను, ఒకటిచ్చాను.
ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా పడింది.
మోచేతి దాకా తెలిసింది, నొప్పి లేకుండా,
పిండి పదును కుదిరినప్పుడు తెలిసినట్టు.

విజిల్ వేశారట. నేను వినలేదు.
ఇంకోటి ఎత్తుతున్నాను.
అప్పుడు నా భుజం మీద రెండుసార్లు తట్టింది
అదే ఇనుప చేత్తో,
బరువంతా తనవైపే ఆపుకుని,
నిద్రపోయేవాళ్లని లేపినట్టు.

కొట్టడం మూడు వారాల్లో వచ్చింది నాకు.
ఆ తట్టడం ఇంకా రాలేదు.

ఆఖరి పట్టీ ఎవరికి వాళ్లు విప్పుకోలేరు.
నాది తను విప్పింది, తనది నేను.
ఆమె వేళ్లు బయటికొచ్చాయి,
ఎర్రగా, చెమట ఆవిర్లు కక్కుతూ,
వస్తూనే మాట్లాడటం మొదలుపెట్టాయి.
ఎంత చెప్పిందో!
నాకు అర్థమైన మాట ఒక్కటే:
మళ్లీ.