బెత్తెడు తేడా

సముద్రాల అవతల రెండు కంపెనీలు
పట్టుబట్టి పోట్లాడుకుంటా ఉండాయంట.
పేపర్లో చూసినా: ఇన్ని వందల విమానాలు వాళ్లవి, ఇన్ని వందలు వీళ్లవి,
కోట్ల పక్కన సున్నాలు
చక్కెర డబ్బాకి పట్టిన చీమల బారు మాదిరి.

రేణిగుంటలో ఆ పోట్లాట
నా మోకాళ్ల మింద జరగతా ఉండాది.

విమానం కడుపులో నిలబడేదానికి లేదు.
మోకాళ్లూని, మెడ వంచి,
బెల్టు మింద వచ్చే సంచుల్ని లోపలికి తోసేది.
బోయింగులో నడుము రెండుగా మడవాల.
ఎయిర్‌బస్సులో బెత్తెడు ఎక్కువ.
బెత్తెడంటే ఏముందిలే అంటారు.
నలభై లడ్డు సంచులు తోసినాక చెప్పమను.

చెంగల్రాయులు బోయింగు పార్టీ.
"నేలకి దగ్గిరగా ఉంటాది, ఒద్దికైన జీవం.
ఇంజను చూడు,
పళ్లెంలో పెట్టిన సంగటి ముద్ద మాదిరి అడుగున అణిగుండాది" అంటాడు.
నాదముని ఎయిర్‌బస్సు.
"పేరులోనే బస్సుండాది గదరా,
మనం ఎర్రబస్సెక్కి వచ్చినోళ్లం" అని నవ్వతాడు.
పేపర్లో ఎవురికి ఆర్డరొస్తే
రెండోవోడు ఆపొద్దు టీ, బోండా కొనాల.
బోండాల లెక్కలో ఇద్దురూ సమానమే.

ఎండాకాలంలో నాదముని కుడి మోకాలు
గుమ్మడికాయంత వాచింది.
ఇంక వంగొద్దన్నాడు డాక్టరు.
ఇప్పుడు ట్రాలీ తోస్తాడు, బయటి నుంచే అడగతాడు:
"లోపల ఎట్లుందిరా, మనోడేనా?"

పోయిన నెల ఒకాయన టేపు పట్టుకోని వచ్చినాడు.
తలుపు కొలిచినాడు, బెల్టు కొలిచినాడు,
ఎంతసేపట్లో ఎన్ని సంచులో వాచీ చూసి రాసుకున్నాడు.
ఏ కంపెనీ మనిషో మేం అడగలా.
చెంగల్రాయుల్ని ఆయన కొలవలా.

రేత్రి ఎయిర్‌బస్సు వచ్చి ఆగతానే
దాని కడుపులోంచి కుక్క మొరిగినట్టు చప్పుడొస్తాది.
కంచె అవతల చెనిక్కాయల చేలో
నల్లకుక్క లేచి బదులు చెప్తాది.
"మాకొక ఓటు" అంటాడు నాదముని, ట్రాలీ ఆనుకోని.
"అది ఓటు గాదురా,
తగువుకి రమ్మంటా ఉండాది" అంటాడు చెంగల్రాయులు.

పైన మెట్ల మింద గుండ్లు ఎక్కతా ఉండాయి,
చందనం వాసన మా దాకా దిగతా ఉండాది.
ఇది ఎవురు చేసిన విమానమని
ఒక్కరూ తల తిప్పి చూడరు.
ఎందుకు చూడాల?

తలుపు తెరిచినా.
లోపల ఇంకా పైనుంచి తెచ్చిన చలి ఉండాది.
మొదటి సంచి వచ్చె.
మోకాలు ఆనించినా.