మోసేవాడు లేని చీటీ

నల్లచెరువు మూడో వీధిలో
మేడ మీద రేకుల గది, నా ట్యూషన్.
మార్చి గుంటూరు ఎండకి
సుద్దముక్క కూడా వేడిగా ఉంది.
బోర్డు మీద సున్నా చుట్టి, లోపల ఇంకో సున్నా చుట్టి
ఇది కణం, ఇది కేంద్రకం అన్నాను.
అసలు పుస్తకం లోపలే ఉంటుంది, గడప దాటదు.
కావలసిన పేజీకి మాత్రం నకలు తీసి
బయటికి పంపుతారు.

వెనక బెంచీలోంచి షాజహానా
'మా కొట్లో పద్దులాగా సార్' అంది.
కొట్టు వాళ్లది కాదు. వాళ్ల నాన్న నాగుల్ మీరా
మిర్చి యార్డులో హమాలీ.
పద్దు షావుకారు బీరువాలోనే ఉంటుందట,
గుమస్తా చీటీ రాసి ఇస్తాడట.

ఇక ఆ రోజు పాఠం ఆ పిల్లదే.

కాటా కింద చీటీ జరుగుతూ ఉంటుంది,
మూడు గుర్తులకి ఒక టిక్కీ.
గుర్తు కుదిరిన హమాలీ వస్తాడు, దించుతాడు,
ఖాళీ భుజంతో ఇంకోదానికి పోతాడు.
దించినదాన్ని ముందరిదానికి కలిపి కుడతారు.
తేజ పక్కన బాడిగ, బాడిగ పక్కన మళ్లీ తేజ.
సరుకు ఇరవై రకాలే,
వరస మారిందా, అది ఇంకేదో ప్రోటీను.

చీటీ మొత్తం ఎవరు చదువుతారు, అని అడిగాను.
'ఎవరూ చదవరు సార్.
మా నాన్నకి చదువు రాదు.
తన మూడు గుర్తులు తెలుసు.'
క్లాసు నవ్వింది. తను నవ్వలేదు.

గొంతు సవరించుకుని నేనందుకున్నాను:
చివర్లో ఒక చీటీ వస్తుంది,
మూడు గుర్తులూ ఉంటాయి దాని మీద,
దానికి మోసేవాడు మాత్రం యార్డంతా వెతికినా లేడు.
ఉత్త చేతులతో ఒకడొచ్చి దారం తెంపుతాడు.
అక్కడితో పని అయినట్టు.

'మరి కూలి ఎవరిస్తారు సార్?'

తిన్న అన్నమే, అన్నాను.
పరీక్షలో అలా రాయకండి అని కూడా అన్నాను.

సాయంత్రం గాలి యార్డు వైపు నుంచి తిరిగింది.
దగ్గుకుంటూ కిటికీ మూశాం.
ఏడింటికి కూతురి కోసం వచ్చాడు నాగుల్ మీరా,
ఒకప్పుడు తెల్లదైన తువ్వాలుతో,
కుడి భుజం మీద తోలు లేచి, పచ్చిగా.
మెట్లు దిగుతూ ఆ పిల్ల అడగడం వినపడింది:
'నాన్నా, అన్నం తిన్నావా?'

ఈ రాత్రి అతను పడుకున్నాక
ఆ భుజంలో, ఏ దీపమూ లేని చోట,
చీటీలు బయటికి వస్తాయి.
మూడేసి గుర్తులు, ఒక్కొక్క టిక్కీ.
తెల్లారేసరికి
పుండు అంచున పలచటి కొత్త పొర,
మొదటి బస్తా కిందికి.