ఏడో పెంకు

నా మెడలో స్టాప్‌వాచీ ఉండేది,
తాడు చెమటకి నల్లబడి.
తెల్లవారుజామున ఐదుంబావుకి
జాలారిపేట నుంచి తెన్నేటి పార్కు దాకా,
మళ్ళీ వెనక్కి, మళ్ళీ పార్కు దాకా.
పదకొండు మంది పిల్లలు.
నాకు కనపడేవి మాత్రం అంకెలు.

"నలభై సెకన్లు ఎక్కువ" అనేవాణ్ణి
ఎల్లాజి మొహం చూడకుండా.
రాత్రంతా నాన్నతో వల లాగి వచ్చాడని
వాడి అరచేతులు చెబుతూనే ఉన్నాయి.
నాకు చదవడం వచ్చింది వాచీ ఒక్కటే.

జూన్ దాటేసరికి ఏడుగురు మిగిలారు.
ఉక్కపోత, వాన, ట్యూషన్,
"కడుపునొప్పి సార్."
ఆగస్టుకి నలుగురు.
సత్యవేణి కూడా మానేసిందని
వాళ్ళింటికి వెళ్ళాను.
సావళ్ళు ఎండబెడుతున్న తల్లి
తలెత్తకుండానే అంది:
"అది ఇంటికాడుంటే కదా బాబూ!"
గడ్డంతో ఒడ్డు వైపు చూపించింది.

పెంకులాటలో ఉంది పిల్ల.
పాత చెప్పుల రబ్బరు గుడ్డలో చుట్టి కట్టిన బంతి
వీపుకి తగలకుండా
తెప్పల మధ్యనుంచి, మోకుల మీదనుంచి,
తడి ఇసకలో ఎర్రపీతల్ని బెదరగొట్టుకుంటూ,
ఎవరి చేపల చాపో తొక్కి
తిట్లు తిని, నవ్వి,
ఆ నవ్వు ఆపకుండానే పరిగెత్తింది.
అలవాటుగా నా బొటనవేలు వాచీ నొక్కింది.
గంటా ఇరవై నిమిషాలు.
పిల్ల ఆగలేదు.
సిగ్గేసి వాచీయే ఆపేశాను.

నాకు పరుగు నేర్పిన మాస్టారు
పోర్టు మైదానంలో బెత్తం పట్టుకుని నిలబడేవారు.
ఆఖరి వాడికి రెండు దెబ్బలు.
నేనెప్పుడూ ఆఖరి వాణ్ణి కాలేదు.
పతకాలు ఉన్నాయి, బీరువాలో,
కలరా ఉండల పక్కన.
ఇరవై నాలుగో ఏట ఉద్యోగం దొరికింది.
బెత్తం లేని మొదటి ఉదయం
తొమ్మిదింటి దాకా నిద్రపోయాను.
ఆ తర్వాత ఒక్క రోజూ నా కోసం పరిగెత్తలేదు.

ఇప్పుడు నాలుగింటికే లేచి
పెంకులు దాచి వస్తాను.
ఒడ్డెక్కి కదలని ఓడ నీడలో ఒకటి,
కైలాసగిరి మెట్ల మలుపులో ఒకటి,
మూసి ఉన్న మొక్కజొన్నపొత్తుల బండి కింద,
జలాంతర్గామి గేటు పక్క పొదలో...
ఏడూ తెచ్చి పేర్చిన జట్టుదే గెలుపు.
ఏడోది ఎక్కడుందో చెప్పను.

దారిలో సముద్రంతోనూ ఆడాలి.
అల వెనక్కి తగ్గగానే దూసుకెళ్ళి గవ్వ తేవాలి,
అది తిరిగి వచ్చేలోగా గట్టెక్కాలి,
ఊపిరి తీసుకుని మళ్ళీ దూకాలి.
కోచింగ్ పుస్తకంలో దీనికి
రెండు పేజీల పట్టిక ఉంది.
పిల్లలు దీన్ని "అలదొంగ" అంటారు.

పద్నాలుగు మంది వస్తున్నారు.
కొందరిని నేను పిలవనే లేదు.
ఎల్లాజి మాత్రం రాలేదు.
హార్బర్లో మరబోటు ఎక్కాడట,
పదిహేను రోజులకోసారి ఒడ్డు చూస్తాడట.
ఆ నలభై సెకన్లు
వాడికి నేనింకా బాకీ.

మొన్న తొమ్మిది కిలోమీటర్లు అయ్యాక
ఆరు పెంకులు ముందు పెట్టుకుని
చెమట గౌను అంచుకి తుడుచుకుంటూ
సత్యవేణి అడిగింది:
"ఏటి సార్, ఇయేల పరుగు నేదా?"
"లేదమ్మా" అన్నాను,
నిజం చెబుతున్న దొంగలా.

అంతలో బుడ్డోడు పరదేశి
నా ప్యాంటు జేబు ఉబ్బు చూశాడు.
"సార్ కాడుంది రోయ్!"

ఎడమ మోకాలు కలుక్కుమంటోంది.
పొట్ట నాకంటే ఒక అడుగు ముందు.
వెనక పద్నాలుగు కేకలు,
పక్కన సముద్రం ఎవరి జట్టో తెలీదు.
జేబులో పెంకు తొడకి కొట్టుకుంటోంది.
లైట్‌హౌస్ కొండ మీద పొద్దెక్కుతోంది.
ఇంకాసేపు,
ఆ చివరి తెప్ప దాకానైనా,
దొరక్కుండా ఉంటే చాలు.