నెత్తళ్ళు వద్దన్న వారం

నాలుగు రోజులు నెత్తళ్ళు వేయించొద్దన్నాడు
దుర్యోధన సాహు, మా బ్రోకరు.
"గుణుపూర్‌లో ఇల్లు కళ్ళతో కొనరమ్మా,
గుమ్మంలో ముక్కు పెట్టి కొంటారు."
వచ్చేది పంతులమ్మట, కాదంబిని మిశ్రా.
మిశ్రాలకి ఈ వాసన పడదని
ఆయనే తేల్చేశాడు.

ముందు కొళాయి.
పద్నాలుగేళ్ళు కారింది అది.
కింద పెట్టిన సత్తు గిన్నె అడుగున
పచ్చటి పాచి కన్నొకటి తెరుచుకుంది.
ప్లంబరు కుర్రాడు రబ్బరు వాషరు మార్చాడు,
పదిహేను నిమిషాలు, అరవై రూపాయలు.
ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.
చుక్క పడుతుందేమోనని
చెవులు వంటింట్లో వదిలేసి పడుకున్నాం.

తరవాత తలుపు.
వానలకి ఉబ్బి, మోకాలితో ఒకటిస్తేగానీ
తెరుచుకోని పెరటి తలుపుని
వడ్రంగి చిత్రిక పట్టాడు.
పొద్దున్నే అలవాటుగా మోకాలెత్తి తన్నాను,
పోయి పెరట్లో పడ్డాను.
గురునాథం నవ్వాడు.
ఘాటీలో బండి బోల్తా పడి
కాలికి రాడ్డు వేశాక
ఆయన నవ్వడం అదే మొదలు.
బండి తుక్కుకి పోయింది.
దాని మీది అప్పు మాత్రం ఒక్క చక్రమూ ఊడకుండా
నెలనెలా మా వీధికొస్తోంది.

సాహు మళ్ళీ వచ్చాడు.
తెలుగు క్యాలెండరు తీసి జగన్నాథుణ్ణి తగిలించాడు,
మేకు అదే.
కుట్టు మిషను మంచం కిందికి తోయించాడు.
ఆడపడుచు ఇంటినుంచి రెండు క్రోటన్ కుండీలు,
టెంటు హౌసు నుంచి నాలుగు కుర్చీలు.
ఒక కుర్చీ వీపున
ఎవరి పెళ్ళిదో పసుపు చెయ్యి ఇంకా పోలేదు.

చివరికి వీధి గది గోడ.
వంశధార ఒకసారి మా ఇంటికొచ్చి
రెండు రాత్రులుండి వెళ్ళింది.
వెళ్తూ నా నడుమెత్తున బురద గీత గీసింది.
ఏటా దసరాకి సున్నం వేస్తాం,
ఏటా వానలకి అది పైకి తేలుతుంది.
"ఈసారి డిస్టెంపరు, రెండు పూతలు" అన్నాడు సాహు.
లేతాకుపచ్చ.
కూలీ మిగులుతుందని బ్రష్షు నేనే పట్టాను.
గీత దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది.
పిల్లదాని బడి సంచీ, బియ్యం డబ్బా,
మా పెళ్ళి ఫోటోలు,
ఏవేవి ఆ గీతకి కిందుండిపోయాయో
ఒక్కొక్కటే గుర్తొచ్చింది.
రంగు ఆరాక గోడ ఎంత బాగుందంటే
ఎవరింటికో వచ్చినట్టు
చెప్పులు బయట విడిచి వెళ్ళాను.

ఆదివారం పంతులమ్మ వచ్చింది.
గొడుగు మూలకి ఆనించింది.
క్రోటన్లు చూడలేదు. కుర్చీలో కూర్చోలేదు.
కొళాయి తిప్పింది, కట్టింది.
వీధి గదిలో ఆగి గోడకి అరచెయ్యానించి
"నీళ్ళు ఎందాకా వస్తాయి?" అంది,
సగం ఒడియా, సగం తెలుగు.
సాహు దగ్గాడు.
గురునాథం చేతికర్ర ఆ చేతినుంచి ఈ చేతికి మార్చాడు.
నేను నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను.
జవాబుకో, నిలబడలేకో, నాకే తెలీదు.
ఆమె నా చేతినే కాసేపు చూసి
ధర మాటెత్తకుండా వెళ్ళిపోయింది.

సాహు చెప్పులేసుకుంటూ నన్నేమీ అనలేదు.
అంటే బాగుండేది.

"ఇంకెందుకు, వేయించీ" అన్నాడు గురునాథం.
కిటికీలన్నీ బార్లా తీసి
డబ్బాలో ఉన్న నెత్తళ్ళన్నీ మూకుట్లో పోశాను.
ఎండుమిరప, ఉల్లిపాయ.
కొత్త రంగు వాసన
కొత్తకోడల్లా ఓ మూలకి పోయి నిలబడింది.

గుమ్మంలో అలికిడి.
పంతులమ్మ. గొడుగు మర్చిపోయిందట.
గొడుగు వైపు వెళ్ళకుండా
వంటింటికేసి ముక్కెత్తి
"శుఖువా?" అంది.

"నెత్తళ్ళు" అన్నాను.

ఆ మాట పెదాల మీదే ఓసారి తిప్పుకుని చూసింది.
పసుపు చెయ్యున్న కుర్చీ లాక్కుని కూర్చుని
"ఇప్పుడు చెప్పండి,
ఆ నీళ్ళ సంగతి" అంది.