తడి ఇసుక

ముందు చీమలకి తెలిసింది.
పెరట్లో పిల్ల కూర్చుని లేచిన చోట
గీత గీసినట్టు బారు కట్టాయి.
గమాక్సిన్ జల్లి ఊరుకున్నాను.
అంతకు మించి ఆలోచించలేదు.

తర్వాత బిందెకి తెలిసింది.
పొద్దున్న నింపింది
బడిగంట కొట్టకముందే అడుగంటేది.
రాత్రి నాలుగుసార్లు లేచేది డిల్లేశ్వరి,
ఐదోసారి లేవలేక పక్క తడిపేది.
తొమ్మిదేళ్ల పిల్ల, సిగ్గుపడి
దుప్పటి తనే ఉతుక్కునేది.

మా ఉద్దానంలో నోటికొచ్చే భయం ఒకటే: కిడ్నీ.
మా మామ ఆ దారినే పోయాడు.
ఎదురింటి లోకనాథం వారానికి రెండుసార్లు
సోంపేట బస్సెక్కి రక్తం కడిగించుకుని వస్తాడు.
మా ఆయన బోరు నీళ్లు మాన్పించి
ఇరవై లీటర్ల డబ్బా కొనితెచ్చాడు.
డబ్బా కూడా రెండు రోజులే వచ్చింది.

గౌను వదులైంది. మెడ కింద ఎముకలు లేచాయి.
ఒక తెల్లారుజామున పిల్ల ఊపిరి
మగ్గిన జీడిమామిడి పండు వాసనేసింది.
ఆ వాసన నేను పుట్టిన దగ్గర్నుంచీ ఎరుగుదును,
మనిషి నోట్లోంచి రావడమే ఎరగను.
ఆటోలో, నా ఒళ్లో, తెలివి తప్పింది.
ఆస్పత్రిలో వేలు గుచ్చి చూస్తే
అంకె చూపలేక మిషను చేతులెత్తేసింది.

ఇంటికొచ్చాక మా అత్త తవిటమ్మ మొదలెట్టింది:
"కడుపుతో ఉన్నప్పుడు బెల్లం గెడ్డలు మెక్కినావు గదేటి,
అందుకే గుంటకి సుగరొచ్చినాది."
నిజంగానే తిన్నాను.
ఐదో నెలలో, ఫ్యాక్టరీలో జీడిపప్పు ఒలుస్తూ,
కొంగున దాచుకున్న ముక్క.
అది మూడు నెలలు గొంతులోంచి దిగలేదు.

డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది.
కడుపులో చిన్న తోట, దానికి కాపలావాళ్లు.
కాపలావాళ్లే ఒకనాడు
సొంత చెట్లని దొంగలనుకుని నరికేశారంట.
"ఎందుకు నరికారమ్మా?"
"పూర్తిగా ఎవరికీ తెలీదు.
నీ బెల్లం వల్ల మాత్రం కాదు."
ఆ ఒక్క ముక్క వినడానికి
ఇంకో రెండుసార్లు బస్సు చార్జీ పెట్టుకుని వెళ్లాను.

మాకు ఫ్రిజ్ లేదు.
కుండలో కుండ, రెంటి మధ్య తడి ఇసుక,
లోపలి కుండలో ఇన్సులిన్ సీసా.
ఇసుక మా ఆయన బారువ తీరం నుంచి గోనెలో తెచ్చాడు,
ఉప్పు పోయేదాకా కడిగాను.

జీడి జిగురుకి నల్లబడ్డ ఈ వేళ్లు
ఒక్క పప్పూ విరక్కుండా ఒలుస్తాయి.
పిల్ల తొడ దగ్గర వణికాయి.
"ఇలా తే" అని తనే పొడుచుకుంది.
"నొప్పెట్టనేదు, సూడు" అంది.
కింది పెదవి మీద పళ్ల గుర్తు ఉంది.

బళ్లో పాఠం మధ్యలో బెల్లం తీసిందని
మాస్టారు లాక్కుని బల్ల మీద పెట్టాడు.
సుగరున్న పిల్లకి బెల్లమేంటని ఆయన లెక్క.
మొన్నటిదాకా మా లెక్కా అదే కదా.
మందు ఎక్కువైనా, అన్నం ఆలస్యమైనా
ఆ తీపే ప్రాణం నిలబెడుతుందని
చెమటలు పట్టి పిల్ల పడిపోయాక గానీ తెలీలేదు.
ఇప్పుడు ఆయన సొరుగులో గ్లూకోజు పొట్లం ఉంటుంది,
సుద్దముక్కల పక్కనే.

కిలోకి ఇంతని ఒలిచేదాన్ని,
ఒక్క స్ట్రిప్పు ఎన్ని గుప్పిళ్ల పప్పో నాకు తెలుసు.
రోజుకి నాలుగుసార్లు చూడమన్నారు,
రెండుసార్లు చూస్తాం.
మిగతా రెండూ దాని మొహంలో చదువుతాను.
"పెద్దయితే తగ్గిపోద్దా అమ్మా?" అనడిగింది ఒకసారి.
నేను చేటలో పొట్టు చెరిగాను,
చెరగాల్సినదానికన్నా ఎక్కువసేపు.

నిన్న అర్ధరాత్రి అలికిడికి మెలకువొచ్చింది.
చీకట్లో కుండ మీదకి వంగి మా అత్త,
చేతిలో చెంబు.
నన్ను చూసి
"పిల్లి దూరినాదేమో అని లేసినాను" అంది,
చెంబు కొంగు చాటున పెట్టుకుని.

పొద్దున లేచి చూస్తే
ఇసుకలో ఒక వేలు గుచ్చిన గుంట,
నిండా నీళ్లు.